తోక వూపుతూ రాసిన నాలుగు మాటలు

చేతులు జోడించడం నా వల్ల కాదు గనుక తోక వూపుతున్నాను, స్వీకరించండి. తారల ఇంటర్వ్యూలు ఎన్నో చదివారు. ఈసారి నాలుగు కాళ్ళవాడి మాట కూడా కాస్త వినండి మరి.

మాది గుంటూరు, బ్రాడీపేట. నేను లాబ్రడార్ జాతివాణ్ణి. ఇంట్లో నాన్నగారు, అమ్మ, బామ్మ, ఇంటర్ చదివే అక్క. అయ్యగారిని నేను కూడా నాన్నగారనే అంటాను. అక్క అలాగే పిలుస్తుంది కదా!

నా కాల్షీటు తెల్లవారుజామున ఐదింటికే మొదలు. బామ్మ వాకిట్లో ముగ్గు వేస్తుంటే ఆ చుక్కల మధ్య పడుకోకుండా వుండటం నా మొదటి పరీక్ష. రోజూ తప్పుతాను. తిట్లు అయ్యాక ఓ ఇడ్లీ ముక్క దొరుకుతుంది. చట్నీ మాత్రం పెట్టరు. ఉల్లిపాయ, చాక్లెట్, ద్రాక్ష మా వొంటికి విషమని పశువుల డాక్టరు గట్టిగా చెప్పాడు. నేనొచ్చిన కొత్తలో "మడి, దూరం దూరం" అని కర్ర చూపించిన బామ్మే, ఇప్పుడు మధ్యాహ్నం ఎవరూ చూడకుండా పెరుగన్నం పెడుతుంది. ఈ సంగతి అమ్మతో అనకండేం!

తొమ్మిదయ్యేసరికి అందరూ వెళ్ళిపోతారు. బామ్మ కునుకు తీస్తుంది. ఇక అసలు ఉద్యోగం మొదలు... ఎదురుచూడటం! సాయంత్రం దాకా అదే పని. మా వీధిలో ఎన్ని స్కూటర్లు తిరిగినా, నాన్నగారిది మలుపు తిరగక ముందే నా చెవికి తెలిసిపోతుంది. ఆయన మిర్చియార్డులో గుమాస్తా. చొక్కానిండా మిరపకాయ ఘాటు. ఎదురెళ్ళగానే నాకు వరసగా నాలుగు తుమ్ములు! అయినా ఏ రోజూ వెళ్ళకుండా వుండలేదు.

ఆదివారం టీవీలో సినిమా. హీరోయిన్ ఎర్రచీర చూసి అక్క మురిసిపోతుంది. నాకది మట్టిరంగే. మా కళ్ళకు నీలం, పసుపు బాగా తెలుస్తాయి గానీ, ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదు. అయితేనేం, తెరమీద మావాళ్ళెవరైనా మొరిగితే చాలు, నేనూ వంత పాడతాను.

మావాళ్ళ నటనకేం తక్కువ చెప్పండి? 1943లో 'లాస్సీ కమ్ హోమ్'లో ఆడకుక్క వేషం కట్టింది పాల్ అనే మగకుక్క! 1985లో 'తేరీ మెహర్బానియా'లో చనిపోయిన జాకీ ష్రాఫ్ తరఫున పగ తీర్చుకున్నది కుక్కే. 1994లో 'హమ్ ఆప్కే హై కౌన్', అదే మన 'ప్రేమాలయం'లో టఫీ తమ్ముడికి చేరాల్సిన ఉత్తరాన్ని అన్నగారికి అందించి పెళ్ళి కథే మార్చేసింది. నేనో? దొంగను పట్టలేదు, ఉత్తరం మొయ్యలేదు. పోయిన దీపావళికి టపాసుల మోతకు మంచం కిందనుంచి బయటికే రాలేదు!

ఇంతకీ నేనీ ఇంటికెలా వచ్చానో చెప్పలేదు కదూ?

2022 జూన్‌లో '777 చార్లి' వచ్చింది. రక్షిత్ శెట్టి నటించిన కన్నడ చిత్రం, తెలుగులోనూ ఆడింది. అది చూసి కళ్ళు తుడుచుకుంటూ ఇంటికెళ్ళిన ఓ కుర్రాడు పుట్టినరోజుకు కుక్కపిల్లే కావాలని పట్టుబట్టాడు. ఆ కుక్కపిల్లను నేనే. చార్లి అని పేరు కూడా పెట్టారు. సినిమాలో చార్లి ఆడది, నేను మగవాణ్ణి. అదెవరికీ పట్టలేదు.

మొదటి నెలంతా ఫొటోలే ఫొటోలు. తర్వాత నాకు పళ్ళు మారాయి, చెప్పులు కొరికాను. పెరిగాను, తిండి పెరిగింది. కుర్రాడికి పరీక్షలు వచ్చాయి. నాకు డాబా మీద గొలుసు వచ్చింది. ఓ ఉదయం కారెక్కించారు. షికారనుకుని కిటికీలోంచి తల బయటపెట్టి ఎంత సంబరపడ్డానో! హైవే పక్కన టీబడ్డీ దగ్గర దింపి, దూరంగా ఓ బిస్కెట్ విసిరారు. నోట కరుచుకుని వెనక్కి తిరిగి చూస్తే కారు లేదు.

మూడు రోజులు అక్కడే వున్నాను. తెల్లకారు ఏది వచ్చినా లేచి నిలబడేవాణ్ణి. నాలుగో రోజు టీ తాగడానికి ఓ స్కూటరాయన ఆగాడు. నేను తుమ్మాను. ఆయన నవ్వాడు. అదీ మా పరిచయ సన్నివేశం!

జపాన్‌లో హచికో అని మా పెద్దాయన ఒకడుండేవాడు. 1925 మేలో తన యజమాని, ప్రొఫెసర్ ఉయెనో చనిపోతే, 1935 మార్చిలో తాను పోయేవరకూ షిబుయా స్టేషన్ దగ్గర ఎదురుచూశాడు. 1987లో ఆ కథను జపాన్‌వాళ్ళు సినిమా తీశారు. 2009లో రిచర్డ్ గేర్‌తో ఇంగ్లీషులోనూ వచ్చింది. చూసినవాళ్ళంతా ఏడ్చారు. కానీ ఒక్క తేడా. హచికో యజమాని రాలేకపోయాడు. నావాళ్ళు రాగలిగి కూడా రాలేదు.

నా ఒక్కడి కథేనా ఇది? 1996లో '101 డాల్మేషియన్స్' చూసి అమెరికాలో మచ్చల పిల్లల్ని ఎగబడి కొన్నారు. పెరిగాక వాటిలో ఎన్నో ఆశ్రమాలకు చేరాయి. 2003లో ఓ సెల్‌ఫోన్ ప్రకటన చూసి మన దేశంలో పగ్ పిల్లలకు గిరాకీ పెరిగింది. చప్పిడి ముక్కుతో మన ఎండల్లో ఊపిరాడక అవి పడే అవస్థ ఆ ప్రకటనలో లేదు.

కుక్కను పెంచవద్దని అనడం లేదు తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఒక్క లెక్క వేసుకోండి. సినిమా రెండున్నర గంటలు. మేం పది, పన్నెండేళ్ళు. పరీక్షల నాడు కూడా మమ్మల్ని బయటికి తిప్పేదెవరు? ఏటా రేబిస్ టీకా వేయించేదెవరు? మీకు ఉద్యోగమొచ్చి వేరే ఊరు వెళితే మేమెక్కడ? వీటికి ఇంట్లో అందరూ కలిసి జవాబు చెప్పగలిగితే, అప్పుడు రండి. జాతి కుక్కే కానక్కర్లేదు. మీ వీధి చివర చెత్తకుండీ పక్కనున్న పిల్లకూ తోకుంది.

సినిమాలో మేం ప్రాణాలిస్తాం. ఇంట్లో మాకంత పెద్ద వేషం లేదు. సాయంత్రం మీరొస్తారని నమ్మడమే మా పాత్ర. దయచేసి రావడం మీ పాత్ర.

అదుగో... మలుపులో స్కూటర్! వుంటాను మరి. తుమ్ములకు వేళయింది.