మల్లరంగమున మహిళ : హమీదా బాను

తాలీంఖానా, పహిల్వాన్, దంగల్ అను ఉర్దూ మాటలు మన తెలంగాణా తెలుగులో ఎంతగా కలిసిపోయినవో అందరకు తెలిసినదే. అయితే పహిల్వాన్ అనగానే మన మనస్సున మెదలునది పురుషుని రూపమే. ఆ రంగమున ఒక స్త్రీ నిలిచి, వేలాది ప్రేక్షకుల యెదుట పురుషులతో తలపడిన చరిత్ర మన దేశమున కలదు.

ఆమె పేరు హమీదా బాను. స్వస్థలము ఉత్తరప్రదేశ్‌లోని మీర్జాపూరు. సలాం పహిల్వాన్ వద్ద శిక్షణకై ఆమె అలీగఢ్ చేరినది. 1944లో బొంబాయిలో గూంగా పహిల్వాన్‌తో ఆమె కుస్తీ చూచుటకు సుమారు 20,000 మంది వచ్చిరని నాటి పత్రిక వ్రాసినది. చివరి క్షణమున పోటీ రద్దు కాగా జనము ఆగ్రహించి విధ్వంసమునకు దిగిరి. 1954 ఫిబ్రవరిలో, తన్నోడించిన వానినే వివాహమాడుదునని ఆమె సవాలు విసిరినది. ఆ మే నెలలో బరోడాలో బాబా పహిల్వాన్‌ను 1 నిమిషము 34 సెకండ్లలో చిత్తుచేసినది.

ఆదరణతో పాటు వ్యతిరేకతయు పెరిగినది. కొల్హాపూరులో పురుషుని ఓడించినందుకు జనము రాళ్లు రువ్విరి. పూనాలో కుస్తీ సంఘము అభ్యంతరముతో ఒక పోటీ నిలిచిపోయినది. పోటీ నిషేధమును గూర్చి ఆమె ఫిర్యాదు చేయగా, నాటి బొంబాయి ముఖ్యమంత్రి మొరార్జీ దేశాయి, కారణము ఆమె స్త్రీ అగుట కాదనియు, నిర్వాహకులు ఆమెకు ఎదురుగా నకిలీ మల్లులను నిలుపుచున్నారన్న ఫిర్యాదులే కారణమనియు బదులిచ్చెను.

ఇచ్చట మనము ఆలోచింపవలసినది ఒకటున్నది. జయాపజయములు ముందే నిర్ణయమగునన్న అనుమానము పురుషుల ఫ్రీస్టైల్ కుస్తీలపైనను ఉండెడిది. అయినను దారాసింగ్, కింగ్‌కాంగ్‌ల పోటీలకు జనము తండోపతండములుగా వచ్చిరి. ఒకే అనుమానము పురుషునకు వినోదమైనది, స్త్రీకి అపవాదమైనది. అమెరికాలోను న్యూయార్కు రాష్ట్రమున స్త్రీల వృత్తి కుస్తీపై నిషేధము 1972 వరకు తొలగలేదు.

హమీదా తుదిదినములలో కల్యాణ్‌లో పాలమ్ముకొని జీవించి, 1986లో మరణించినది. ఆమెకు ప్రేక్షకులు లభించిరి కాని, అండగా నిలుచు సంస్థ లభించలేదు. 2004లో స్త్రీల కుస్తీ ఒలింపిక్సున చేరినది. 2016లో సాక్షీ మలిక్ కాంస్యము గెలిచినది. కుస్తీకి తోబుట్టువు వంటి బాక్సింగులో మన నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్ 2022, 2023లలో ప్రపంచ విజేత అయినది. వీరికి నియమములు గల పోటీలు, శిక్షకులు, జట్టు లభించినవి.

అచ్చంపేట బాలికలలో బలమునకు కొరత లేదు. విద్యార్థినులకు ఆటస్థలమున ప్రత్యేక సమయమును, ఒక శిక్షకురాలిని కల్పింపవలసినదిగా కళాశాల కమిటీ వారిని కోరుచున్నాము.