నడకయు పటమును: బొగ్గునేలలో ఒక స్వేచ్ఛా వ్యాసంగము

తీరిక వేళల వ్యాసంగములను గురించి వ్రాయునపుడు తపాలాబిళ్ళల సేకరణ, నాణెముల సేకరణ, తోటపని, పుస్తక పఠనము అను నాలుగింటిని పేర్కొని ముగించుట కళాశాల పత్రికలలో పరిపాటి. వానిపై మాకు చిన్నచూపు లేదు. కాని నేటి విద్యార్థులను చూడగా రెండు తెగలవారు కనిపించుచున్నారు. సెలవు దొరికినచో గుట్టలెక్కి, గోదావరి ఒడ్డున తిరిగి, పక్షులను చూచి సాయంకాలమునకు ఇల్లు చేరువారు ఒక తెగ. గదిలో కంప్యూటరు ముందునుండి లేవనివారు రెండవ తెగ. ఈ ఇరువురికిని పొత్తు కుదరదని పెద్దల అభిప్రాయము. ఇరువురును ఒక్కరే కాదగిన వ్యాసంగమొకటి ఉన్నది. అది స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు అభిమానులు కాలినడకన సాగించు పటలేఖనము.

ముందుగా ‘స్వేచ్ఛ’ అను మాటను విచారింపవలెను. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అను అమెరికా దేశీయుడు ‘గ్నూ’ అను పేర ఒక ఉద్యమమును ప్రకటించెను. కంప్యూటరును నడిపించు ఆదేశముల సంపుటిని, అనగా సాఫ్ట్‌వేరును, ఎవరైనను వాడుకొనవచ్చును, విప్పి చదువవచ్చును, మార్చవచ్చును, పదిమందికి పంచవచ్చును అనునది దాని సారము. 1991లో ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్ ఈ బాటలోనే పెరిగినది. ఇంగ్లీషున దీనిని ‘ఫ్రీ’ అన్నందున చిక్కు వచ్చినది; డబ్బు లేకుండ వచ్చునది అని జనులు భ్రమపడిరి. మన కళాశాలలోని రెండు భాషలకును ఆ చిక్కు లేదు. తెలుగున ఉచితము వేరు, స్వేచ్ఛ వేరు. ఉర్దూలో ముఫ్త్ వేరు, ఆజాద్ వేరు. ఉర్దూవారు ఈ పద్ధతిని ‘ఆజాద్ మస్దర్’ అనుచున్నారు. హైదరాబాదున ఈ ఉద్యమమును నడుపు సంస్థ పేరే ‘స్వేచ్ఛ’.

ఈ సూత్రమును పటములకు వర్తింపజేసినవాడు స్టీవ్ కోస్ట్ అను ఆంగ్లేయుడు. 2004లో అతడు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అను పటమును ఆరంభించెను. ప్రజల సొమ్ముతో కొలిచిన పటములను ప్రజలే తిరిగి వెలయిచ్చి కొనవలసి వచ్చుట ఆనాడు ఇంగ్లండులో ఉన్న స్థితి. దానికి బదులుగా ఎవరి వీధిని వారే నడచి, గుర్తించి, ఒకచోట చేర్చుదమని అతని తలపు. 2010 జనవరిలో హైతీ దేశమున భూకంపము వచ్చినపుడు, ఆకాశమునుండి తీసిన చిత్రములను చూచి లోకమంతటనున్న స్వచ్ఛంద సేవకులు కొద్దిదినములలోనే రాజధాని వీధులను గీసి యిచ్చిరి. సహాయక దళములకు అదియే దారి చూపినది.

నడచి, చూచి, కొలిచి లోకమునకు చెప్పుట మన సంప్రదాయమునకు క్రొత్త కాదు. అల్ బిరూనీ పండితుడు పదకొండవ శతాబ్ది ఆరంభమున, నేటి పాకిస్తాను పంజాబులోనున్న నందనా కోట చెంత గుట్టనెక్కి, క్షితిజరేఖ ఎంత దిగువకు వాలినదో కొలిచి, దానినుండి భూగోళ వ్యాసార్ధమును గణించెను. తెలుగున ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్టణము విడిచి కాశికేగి 1831 సెప్టెంబరులో మరలి వచ్చెను. ఏ మజిలీలో నీరున్నది, ఏ ఊర అంగళ్ళున్నవి, ఏ దారి బండ్లకు పనికివచ్చును అని ఆయన నాటికి నాడు వ్రాసియుంచినది 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయినది. ఆయన పోయినది పల్లకిలో గదా అని కొందరు నవ్వుదురు. పల్లకి బోయీల కాళ్ళకు తెలిసినదంతయు ఆయన కలమునకును తెలిసినది, అది చాలును.

మన ప్రాంతమున ఈ పనికి ప్రత్యేకమైన అవసరమున్నది. బాయిపనికి పోవు తండ్రుల బిడ్డలకు పటము విలువ వేరుగ చెప్పనక్కరలేదు. భూగర్భమున పాత పనిస్థలము ఎచ్చట ముగిసినదో, నీరెచ్చట నిలిచినదో తెలియుట ప్రాణముతో సమానము. 1975 డిసెంబరులో ధన్‌బాద్ చెంత చాస్‌నాలా గనిలోనికి, 2003 జూన్‌లో మన 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు చొచ్చినది. మన గనిలో 17 మంది మరణించిరి. లోపలి పటము సర్వేయరు బాధ్యత. పైనున్న నేల పటమును పట్టించుకొనువారు తక్కువ.

ఆ నేల నిలకడగ ఉండునది కాదు. ఓపెన్‌కాస్ట్ విస్తరించినచో నిన్నటి బాట నేడు గోతిలో కలియును. పొలములున్న చోట మట్టి డంపులు గుట్టలై లేచును. క్రొత్తగా వచ్చినవాడు వానిని దేవుడు చేసిన గుట్టలే అనుకొనును. ఎన్.టి.పి.సి. జలాశయముపై 2022 నాటికి 100 మెగావాట్ల సౌర పలకలు తేలినవి. ఆకాశచిత్రమున అవి నీటిపై నల్లని మచ్చలవలె కనిపించును. 2019 తరువాత సుందిళ్ళ బ్యారేజీ నీటితో గోదావరి నిండుకుండవలె నిలిచినది. 2023 అక్టోబరులో మేడిగడ్డ స్తంభములు కుంగిన పిదప ఆ నీటిని దింపివేయగా మరల ఇసుక తేలినది. ఏ సంవత్సరపు ఒడ్డును గీతగా గీయవలెను? ఇట్టి ప్రశ్నకు దూరదేశపు కంపెనీ సమాధానము చెప్పలేదు. ఒడ్డున తిరుగువాడు చెప్పగలడు.

పని విధానము కష్టమైనది కాదు. చేతిఫోను ఉపగ్రహ సంకేతములను గ్రహించి, ఆరుబయట నాలుగైదు మీటర్ల తేడాతో మనమున్న చోటును తెలుపును. నడచిన దారిని ఒక గీతగా దాచుకొనును. ఇంటికి వచ్చి ఆ గీతను పటముపై పరచి బాట, చేదబావి, నీడచెట్టు, మసీదు, గుడి, బస్సు ఆగుచోటు గుర్తింపవలెను. ఒక నియమము కఠినమైనది: కంపెనీల పటములనుండి ఒక్క పేరైనను ఎత్తివ్రాయరాదు. కంటితో చూచినదో, ఊరివారిని అడిగి తెలిసికొన్నదో మాత్రమే వ్రాయవలెను. మా దృష్టిలో ఈ వ్యాసంగపు రుచియంతయు ఆ అడుగుటలోనే ఉన్నది. ‘ఈ వాగును ఏమందురు తాతా?’ అని అడిగినచో పేరు ఒక్కటే రాదు, దాని కథయు వచ్చును.

ప్రతి స్థలమునకును ఎన్ని భాషలలోనైనను పేరు వ్రాయుటకు వేరువేరు అరలున్నవి. తెలుగు అర, ఉర్దూ అర మన ప్రాంతమున అనేక స్థలములకు ఖాళీగనే ఉన్నవి. నింపబోయినచో భాషాశాస్త్రమే ఎదురగును. గోదావరిఖనిలోని ‘ఖ’ను ఉర్దూలో ఖే అక్షరముతో వ్రాయవలెనా, కాఫ్‌కు దోచష్మీ హే చేర్చి వ్రాయవలెనా? ఖే పలుకుబడి వేరు గనుక రెండవదే సరియని మా మతము. సుందిళ్ళలోని ‘ళ’కు ఉర్దూలో అక్షరమే లేదు, లామ్‌తో సరిపెట్టుకొనవలెను. 8 ఇంక్లైన్ కాలనీ వంటి చోట గని సంఖ్యయే వాడపేరైనది. అచ్చట అంకె వ్రాయవలెనా, అక్షరములు వ్రాయవలెనా అని మరియొక వివాదము. రెండు విభాగముల విద్యార్థులు ఒక బల్లచుట్టు కూర్చుండి తేల్చుకొనదగిన విషయములివి.

ఆరంభమునకు రామగిరి ఖిల్లా మేలు. ఓషధులకు పేరుపడిన గుట్ట గనుక వృక్షశాస్త్ర విద్యార్థులకును పనియుండును. కాలిబాటను, నీరున్న చోట్లను గుర్తించిన చాలును. శీతకాలముననే పోవలెను, రామగుండము ఎండలు మే నెలలో 45 డిగ్రీలు దాటుట అందరెరిగినదే. గని ఆవరణలలోనికి, పేలుళ్ళు జరుగు హద్దులలోనికి అడుగుపెట్టరాదు. 2021 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము నిబంధనలను సడలించి, భారతీయులు ముందస్తు అనుమతి లేకయే పటములు చేయవచ్చునని ప్రకటించినది. అయినను రక్షణ సంబంధమైన వివరముల జోలికి పోరాదు. ఇండ్లలోని మనుష్యుల పేర్లు పటమున వ్రాయరాదు.

ఇక మిగిలినది అన్నింటికంటె చిక్కైన విషయము. ‘నేలపై ఉన్నదే పటములో ఉండవలెను’ అనునది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మూలసూత్రము. అట్లయినచో ఓపెన్‌కాస్ట్ క్రింద లేచిపోయిన ఊరిని, ఆ ఊరివాడే తన చేతితో తుడిచివేయవలసి వచ్చును. సూత్రము సరియైనదే, లేని ఊరికి దారి చూపు పటము ఎవరికిని పనికిరాదు. కాని పునరావాస కాలనీకి ఊరిపేరు మిగిలినను, చెరువు పేరు, బావుల పేర్లు, దర్గా ఉన్న చోటు మిగులవు. గతించిన స్థలములను కాలముతో సహా గుర్తించు ఓపెన్‌హిస్టారికల్‌మ్యాప్ అను సోదర పటమొకటి కలదు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా, 2004 జనవరిలో మొదలైన ఉర్దూ వికీపీడియా కలవు. అయితే వికీపీడియాలో నోటిమాట చెల్లదు, ప్రచురితమైన ఆధారము కావలెను.

మన వార్షిక పత్రిక అచ్చు పత్రికయే. రాబోవు సంచికలో నాలుగు పుటలు, రెండు తెలుగున, రెండు ఉర్దూలో, ఇట్టి ఊళ్ళకు కేటాయింపవలెనని కమిటీవారిని కోరుచున్నాము. ఊరి పేరు, లేచిపోయిన సంవత్సరము, చెరువులు, బావులు, మసీదు, గుడి, పొలముల పేర్లు, చెప్పినవారి వయస్సు: ఇంతవరకు చాలును. వ్రాయదలచిన విద్యార్థులు దసరా సెలవులలోనే ఇంటి పెద్దలను అడిగి, కాగితముపై చేతితో ఒక చిత్తుపటము గీయించి తీసికొనిరావలెను.