వైకల్యం ఓటుకు అడ్డు కాదు

మేధో వైకల్యం, ఆటిజం ఉన్న బిడ్డకు పద్దెనిమిదేళ్లు నిండినా ఓటరుగా నమోదు చేయించడానికి కొందరు తల్లిదండ్రులు వెనుకాడుతుంటారు. ఎవరికి వేయాలో బిడ్డకు తెలియదన్నది వారి సందేహం. అయితే చట్టం వీరి ఓటు హక్కును తీసివేయలేదు.

చట్టం ఏం చెబుతోంది?

రాజ్యాంగంలోని 326వ అధికరణం వయోజనులకు ఓటు హక్కు కల్పించింది. మతిస్థిమితం లేదన్న కారణంతో ఓటరు నమోదును నిరాకరించాలంటే, 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఆ మేరకు న్యాయస్థానం ప్రకటించి ఉండాలి. వైద్యులిచ్చే వైకల్య ధ్రువపత్రం అటువంటి ప్రకటన కాదు. ఎన్నికల సమాచారం వికలాంగులకు సులభంగా అర్థమయ్యేలా ఉండాలని వికలాంగుల హక్కుల చట్టం-2016 నిర్దేశిస్తోంది.

నమోదు ఎలా?

కొత్త ఓటరు ఫారం-6 నింపి బూత్ స్థాయి అధికారికి ఇవ్వాలి. ఇప్పటికే ఓటరైతే ఫారం-8 ద్వారా వైకల్య వివరాలు చేర్పించుకోవచ్చు. సందేహాలకు 1950 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

సహాయకుడికి నిబంధనలు

చూపు లేక, లేదా ఇతర శారీరక బలహీనత వల్ల గుర్తులు పోల్చుకోలేని, స్వయంగా ఓటు వేయలేని వారి వెంట సహాయకుడిని 49ఎన్ నిబంధన అనుమతిస్తోంది. అనుమతించేది ప్రిసైడింగ్ అధికారి. సహాయకుడికి 18 ఏళ్లు నిండాలి. ఒక రోజు ఒక్క ఓటరుకే తోడు వెళ్లాలి. ఓటు రహస్యాన్ని కాపాడతానని ధ్రువీకరించాలి. ఈ నిబంధనలో ఉన్నది ‘శారీరక’ బలహీనత అన్న మాటే. కనుక మేధో వైకల్యం ఉన్నవారికి ముందస్తు సాధనే ప్రధాన ఆసరా.

ఇంటివద్దే సాధన

అట్టముక్కపై గుర్తులు అతికించి నీలిరంగు మీటలు గీసి, నచ్చిన గుర్తు పక్కన నొక్కడం పలుమార్లు చేయించాలి. నొక్కగానే ఎర్రదీపం వెలుగుతుందని, అద్దం వెనుక చీటీ ఏడు సెకన్లు కనిపిస్తుందని, బీప్ శబ్దం వస్తుందని చెప్పాలి. స్పర్శను, శబ్దాన్ని భరించలేని ఆటిజం ఓటర్లకు వేలిపై సిరా పూస్తారన్న సంగతీ ముందే తెలియాలి. పోలింగ్ కేంద్రాన్ని ఒకసారి బయటి నుంచి చూపించడం, రద్దీ తక్కువగా ఉన్న వేళ తీసుకెళ్లడం మేలు.

అభ్యర్థుల గురించి తేలిక మాటల్లో వివరించడం సాయమే. ఫలానా గుర్తుకే నొక్కాలని ఒత్తిడి చేయడం మాత్రం ఆ ఓటును లాక్కోవడమే. బయటికి వచ్చాక ఎవరికి వేశావని అడగకూడదు. తల్లిదండ్రుల ఓటు ఎంత రహస్యమో, బిడ్డ ఓటూ అంతే రహస్యం.