హిందూపురం, పెనుకొండ, ధర్మవరం బడులకు యజమాని ఎవరు?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాల్లోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ జనం సర్కారు బడి అని ఒకే మాటతో పిలిచేవన్నీ పాలనా లెక్కల్లో ఒకే కోవకు చెందవు. ఐదో తరగతి దాకా చదువు చెప్పే పల్లె బడి సాధారణంగా మండల పరిషత్‌ది, పెద్ద ఊళ్లలోని ఉన్నత పాఠశాల జిల్లా పరిషత్‌ది, పట్టణంలో పురపాలక సంఘం నెలకొల్పినవి మున్సిపల్ బడులు కాగా, నేరుగా రాష్ట్ర విద్యాశాఖ కింద నడిచేవి వేరే ఉన్నాయి. లేపాక్షిలోని నవోదయ విద్యాలయం కేంద్రానిది. బడిపై హక్కు గల సంస్థను విద్యాశాఖ పరిభాషలో యాజమాన్యం అంటారు. ఉపాధ్యాయుల సీనియారిటీ జాబితాలు, పదోన్నతులు చాలాకాలంగా ఈ యాజమాన్యాన్ని బట్టే నడవడంతో, అందరికీ ఒకే సర్వీసు నిబంధనలు ఉండాలన్న వివాదం దశాబ్దాలపాటు న్యాయస్థానాల చుట్టూ తిరిగింది.

ఈ చీలికకు మూలం చరిత్రలో ఉంది. మద్రాసు రాష్ట్రకాలంలో పల్లె బడులను తాలూకా బోర్డులు, జిల్లా బోర్డులు నడిపేవి. 1920 నాటి మద్రాసు ప్రాథమిక విద్యాచట్టం చదువు కోసం ప్రత్యేకంగా పన్ను వేసుకునే వీలును కూడా స్థానిక సంస్థలకు కల్పించింది. 1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు ఏర్పడి ఆ బడులను అందుకున్నాయి; 1980ల నడుమ సమితులు పోయి మండలాలు వచ్చాక ప్రాథమిక పాఠశాలలు మండల పరిషత్తుల పేరు మీదికి మారాయి. పేర్లు స్థానికమైనవే గానీ పెత్తనం క్రమంగా రాజధానికి చేరింది. ఈనాడు జీతాలు రాష్ట్ర ఖజానా నుంచే వస్తాయి. ఉపాధ్యాయులు '010 పద్దు' అని చెప్పుకునేది దీన్నే. 2022లో మున్సిపల్ బడుల పర్యవేక్షణ కూడా పాఠశాల విద్యాశాఖకే వెళ్లింది.

అదే ఏడాది ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడి, ఈ మూడు పట్టణాలకూ జిల్లా విద్యాధికారి కార్యాలయం పుట్టపర్తికి వచ్చింది. జిల్లా పరిషత్తు మాత్రం చీలకుండా పాత అనంతపురంతోనే కొనసాగింది. విద్యను చూసే స్థాయీ సంఘం, అంటే ఎన్నికైన సభ్యుల ఉపసంఘం, కూర్చునేది వంద కిలోమీటర్లకు పైగా దూరాన గనుక హిందూపురం తల్లిదండ్రులకు అది అందనంత దూరమే.

అమెరికాలోని శివారు పట్టణాల్లో స్కూల్ డిస్ట్రిక్ట్ అనే విధానం ఇందుకు భిన్నం. అక్కడ చాలాచోట్ల కొన్ని బడులు కలిసి ఒక ప్రత్యేక పాలనా విభాగంగా ఉంటాయి, దానికి ఓటర్లు బోర్డును ఎన్నుకుంటారు, ఖర్చులో పెద్ద వాటా స్థానిక ఆస్తిపన్నుగా వస్తుంది. అయితే ఖరీదైన ఇళ్లున్న ఊరి బడికి ఎక్కువ సొమ్ము, పేద ఊరి బడికి తక్కువ సొమ్ము దక్కే అన్యాయం కూడా ఆ పద్ధతిలోనే ఉంది. వానలు తక్కువైన ఈ సీమ పల్లెలకు ఆ భారం మోపడం తగదు; జీతాలు రాష్ట్రమే ఇవ్వడం ఇక్కడి పిల్లలకు రక్ష.

సొమ్ము రాష్ట్రానిదైనా, బడి అవసరం తెలిసేది ఊరికే. ధర్మవరం మగ్గాల ఇళ్లలో పట్టుచీర పనికి చేతిసాయంగా నిలిచే పిల్లల చదువు ఒక సమస్య, పనుల కోసం బెంగళూరుకు వలసపోయే కుటుంబాల పిల్లలు ఏడాది నడుమ బడి మానడం మరో సమస్య, పెనుకొండ దగ్గర కియా కార్ల కర్మాగారం వచ్చాక మారిన జనావాసాలది ఇంకో సంగతి. వీటితోపాటు హిందూపురంలో ఉర్దూ, మడకశిర వైపు కన్నడ మాధ్యమాల అవసరమూ ఉంది. 2022లో మూడు, నాలుగు, ఐదు తరగతులను దగ్గరి ఉన్నత పాఠశాలలకు తరలించిన ఉత్తర్వు, 2025లో దాన్ని ఉపసంహరించిన ఉత్తర్వు, రెండూ రాష్ట్రమంతటికీ ఒకే మూసలో వెలువడ్డవే.

ఊరి మాట చెల్లేందుకు చట్టం ఒక దారి చూపింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టం ప్రకారం ఏర్పడే పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, సగం మంది మహిళలు ఉండాలి. కమిటీ తయారుచేసే పాఠశాల అభివృద్ధి ప్రణాళికే గ్రాంట్లకు ఆధారం కావాలని కూడా చట్టం స్పష్టంగా చెబుతోంది. 2025 జూలై 10న కొత్తచెరువు ఉన్నత పాఠశాలలో ముఖ్యమంత్రి పాల్గొన్న తల్లిదండ్రుల సమావేశం ఈ ప్రాంతపు బడుల వైపు అందరి చూపూ తిప్పింది. ఏడాదికొక పండుగలాంటి సభ మంచిదే, కానీ దానికంటే ప్రతి కమిటీ తన ప్రణాళికను తానే రాసి మండల విద్యాధికారికి అందించడం, దానికి జవాబు అడగడం ముఖ్యం. ఈ మూడు పట్టణాల తల్లిదండ్రులు వచ్చే కమిటీ ఎన్నికల్లో తప్పక పాల్గొని ఆ హక్కును వాడుకోవాలి.