ఆధారమునకు పేర్లనేకములు

పునాది, అస్తివారము, కుదురు, ఊత, ఆలంబనము, చట్రము - ఈ మాటలన్నింటిని ఒక్కచోట చూచినవారికి, ఒకే అర్థమునకు ఇన్ని పర్యాయపదము లెందులకని తోచవచ్చును. ఒక వస్తువును నిలుపు మరియొక వస్తువును తెలుపుటలో ఇవన్నియు ఒక్కటియే. కాని ఆ నిలుపునది ఎచ్చట నున్నది, ఎంతకాల ముండవలెను అని ప్రశ్నించినచో ఏ మాట దారి ఆ మాటదే.

పునాది క్రింద నుండునది. పారసీకమునందలి 'బునియాద్' అను మాటయే మన నోట పునాదియైనది. అస్తివారమన్నను అదియే. ముందుగా వేయవలసినది, వేసిన పిదప కంటికి కనబడనిది. 1213వ సంవత్సరమున వెలసిన పాలంపేట రామప్పగుడి ఇసుక నింపిన పునాదిమీద నిలిచియున్నది. చూడవచ్చినవారు శిల్పములను మెచ్చుకొందురు గాని, ఆ ఇసుకను ఎవరును చూడరు. నేలపై కనబడు పీఠభాగమునకు శిల్పశాస్త్రమున అధిష్ఠానమని వేరు పేరు కలదు. దాగినది పునాది, కనబడునది అధిష్ఠానము.

కుదురు మన వంటింటి మాట. అడుగు గుండ్రముగా నున్న కుండ దొర్లిపోకుండ క్రింద నుంచు గడ్డిచుట్ట అది. బరువు మోయుటకంటె కదలనీయకుండుట దాని పని. కనుకనే నిలకడ లేనివానిని కుదురు లేనివాడందుము గాని, పునాది లేనివాడనము.

ఊత ప్రక్కనుండి అందునది. గెల వేసి వంగిన అరటిచెట్టునకు వెదురుకర్ర ఊత. గెల కోసిన పిదప ఆ కర్రతో పని లేదు. అవసరము తీరగనే తొలగవలసినది ఊత. మాట తోచనప్పుడు నోటికి వచ్చునది ఊతపదము. అది మితిమీరినచో ప్రసంగమే కుంటువడునని ఆకాశవాణి శ్రోతలకు వేరుగ చెప్పనక్కరలేదు. ఆలంబనమన్నది పందిరివంటిది. తీగ దానిని పట్టుకొని ప్రాకును. అచ్చట పట్టుకొనునది తీగయే గాని పందిరి కాదు.

ఇక చట్రము. ఇది క్రిందను కాదు, ప్రక్కను కాదు, లోపలనే యుండి ఆకారము నిచ్చునది. కృష్ణాతీరమున నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలమునాటి స్తూపములు కొన్ని బండిచక్రము వలె కట్టబడినవి. నడుమ కుండ, దానినుండి ఆకుల వలె సాగిన ఇటుకగోడలు, చుట్టును వలయము, వాని సందులలో మన్ను. పైకి గుండ్రని దిబ్బగా కనబడినను, దానిని చెదరనీయక పట్టియుంచినవి లోని గోడలే. సాగరజలములలో ఆ లోయ మునుగుటకు ముందు, 1954 మొదలు 1960 వరకు జరిగిన త్రవ్వకములలో ఈ కట్టుబడి చక్కగ తేటపడినది.

ఈ భేదము పండితుల వినోదమునకు మాత్రమే కాదు. 1973 ఏప్రిల్ 24వ తేదీన కేశవానంద భారతి వ్యాజ్యములో 13 మంది న్యాయమూర్తులలో 7గురి ఆధిక్యముతో సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పినది. పార్లమెంటు రాజ్యాంగమును సవరింపవచ్చును గాని, దాని 'మౌలిక స్వరూపము'ను మార్పరాదని దాని సారము. దీనిని 'పునాది' యని తెనిగించినచో, అడుగున ఏదో యొక అధికరణము దాగియున్నదనియు, దానిని మాత్రము కాపాడిన చాలుననియు పొరపడుదుము. న్యాయమూర్తులు పేర్కొన్న ప్రజాస్వామ్యము, లౌకికత్వము, అధికార విభజనము వంటివి ఏ యొక్క మూలనో ఉన్నవి కావు. స్తూపములోని గోడల వలె రాజ్యాంగమంతట వ్యాపించియున్నవి. ఈ భావమునకు చట్రము దగ్గర, పునాది దూరము.

కావున మాటను ఎన్నుకొనునపుడు ఒక చిన్న పరీక్ష చేయుడు. దానిని తీసివేసినచో ఏమగును? కట్టడమే కూలినచో పునాది, దొర్లినచో కుదురు, ఆకారము చెదిరినచో చట్రము. తీసివేసినను తనంత తాను నిలిచినచో అది ఊత, దాని పని నెరవేరినట్లే. పిల్లలకు తలిదండ్రులు నేర్పు నడవడి పునాది, పట్టుకొన్న చేయి ఊత. ఈ రెంటిని ఒక్కటిగా నెంచువారు తీయవలసిన చేతిని తీయరు, వేయవలసిన పునాదిని వేయరు.