బొత్తాం పెట్టుకోవడం కష్టంగా ఉందా?

కీమోథెరపీ ఎక్కించుకుని ఇంటికొచ్చిన నాలుగో రోజు అన్నం వాసనకే కడుపులో తిప్పుతుంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. రెండు వారాలు పోయాక డాక్టరు ‘ఎలా ఉన్నారు?’ అని అడిగేసరికి ఆ బాధ సగం మరుగున పడుతుంది. బయట ఇంకా బోలెడుమంది కూర్చుని ఉంటారు. ‘ఫర్వాలేదండీ’ అనేసి లేచి వచ్చేస్తాం. ఫైల్లోనూ అదే మాట చేరుతుంది.

బాధ ఉన్న రోజుల్లోనే రోగి నోటి మాటను అందుకోవాలని న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ కేన్సర్ సెంటర్‌లో డాక్టర్ ఈథన్ బాష్ బృందం పూనుకుంది. కేన్సర్ ఇతర భాగాలకు పాకిన 766 మందిలో కొందరికి మామూలు వైద్యం అందించారు. మిగిలినవారు దానితోపాటు నొప్పి, వికారం, నీరసం వంటి 12 లక్షణాల గురించి కంప్యూటర్లో జవాబులిచ్చారు. ఇంటి నుంచి పంపిన జవాబుల్లో బాధ ముదిరినట్టు కనిపిస్తే నర్సుకు వెంటనే ఈమెయిల్ వెళ్ళేది. ఏడాదిలో ఎమర్జెన్సీకి పరుగెత్తాల్సి వచ్చినవారు మామూలు వైద్యంలో 41 శాతం, ఈ పద్ధతిలో 34 శాతం. 2017లో వెలువడిన ఫలితాల్లో మధ్యగత జీవితకాలం 26 నెలలకు బదులు 31.2 నెలలని తేలింది. కొత్త మందేదీ ఇవ్వలేదు.

అంతకుముందు కంప్యూటర్ అలవాటు లేనివారికే జీవన నాణ్యతలో మేలు ఎక్కువగా కనిపించింది. వారు ఆసుపత్రికి వచ్చినప్పుడు అక్కడి తెరమీదే జవాబులిచ్చారు. ‘వీళ్ళకు ఇవన్నీ ఎక్కడ తెలుస్తాయి’ అని పక్కన పెట్టేసేవారినే ముందు మనసులో పెట్టుకుని ఇలాంటి సాధనం తయారుచెయ్యాలి.

అందుకు మొదట కుదరాల్సింది ప్రశ్న. ‘మీకు న్యూరోపతీ ఉందా?’ అంటే ఎవరు చెప్పగలరు? ‘వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయా? చొక్కా బొత్తాలు పెట్టుకోవడం కష్టంగా ఉందా?’ అంటే ఎవరైనా చెబుతారు. అమెరికా జాతీయ కేన్సర్ సంస్థ 78 లక్షణాలకు ఇలాంటి ప్రశ్నల నిధిని తయారుచేసింది. ‘గడిచిన 7 రోజుల్లో’ అన్న గడువు పెట్టింది, అంతకంటే వెనక్కి వెళితే జ్ఞాపకం మసకబారుతుంది కనుక. ఎంత తరచుగా వస్తోంది, ఎంత తీవ్రంగా ఉంది, రోజువారీ పనులకు ఎంత అడ్డొస్తోంది అన్నవాటిని విడివిడిగా అడుగుతుంది. రోజుకోసారి వచ్చే భరించలేని నొప్పి, రోజంతా ఉండే సన్నని నొప్పి ఒకటి కావు కదా.

తెలుగులో ఈ పని మరింత జాగ్రత్తగా జరగాలి. మనకు నొప్పి ఒక్కటే కాదు, పోటు వేరు, సలుపు వేరు, మంట వేరు, తీపు వేరు. నిఘంటువు చూసి రాసిన ‘తీవ్రత’ కంటే ‘అసలు లేదు, కొంచెం, ఒక మాదిరి, ఎక్కువ, చాలా ఎక్కువ’ అన్నవే నోటికి దగ్గరగా ఉంటాయి. రాసిన ప్రశ్నను పదిమంది రోగులకు వినిపించి, ‘మీకు ఏమర్థమైందో మీ మాటల్లో చెప్పండి’ అని అడగాలి. వారు తడబడితే తప్పు ప్రశ్నది. చదవలేనివారికి ప్రశ్న గొంతుతో వినపడాలి, ఒక తెరమీద ఒక్కటే ఉండాలి, నొక్కాల్సిన చోటు వణికే వేలికి కూడా అందాలి.

వీటన్నిటికీ మించి, అవతల చదివే మనిషి ఉండాలి. జవాబులు పంపిన ఇంట్లో ఆ రాత్రి ఎదురుచూపు ఉంటుంది. ఎవరు చూస్తారో, ఎప్పటిలోగా ఫోన్ చేస్తారో, జ్వరమో గుండెలో నొప్పో వస్తే ఆగకుండా ఎక్కడికి వెళ్ళాలో చివరి తెర చెప్పాలి. ఆ మాట నిలబడితేనే వచ్చే వారం ఆ మనిషి ‘ఫర్వాలేదు’ అనకుండా ఉన్నది ఉన్నట్టు చెబుతాడు.