పెరూ పూటకూళ్లింట్లో పల్లీ పచ్చడి

బండ మీద పచ్చడి నూరే చప్పుడు వినబడితే మీరు ఏ ఊళ్లో ఉన్నట్టు? మాకు ఆ చప్పుడు భూగోళానికి అవతలి వైపున, పెరూ దేశంలోని కుస్కో పట్టణంలో వినిపించింది. 3,400 మీటర్ల ఎత్తున కొండల మధ్య ఊరు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. సందులో నాలుగు బల్లలు వేసిన హోటలు. మన పాతకాలపు పూటకూళ్లిల్లే అనుకోండి. తల్లి వండుతుంది, కొడుకు వడ్డిస్తాడు, కోడలు డబ్బులు తీసుకుంటుంది. కొడుకు "మామా" అని కేకేస్తే ఏ మేనమామ వస్తాడా అని చూశాం. అక్కడ మామా అంటే అమ్మ, పాపా అంటే బంగాళాదుంప!

పళ్లెంలో పొట్టుతో ఉడికించిన దుంపలు పెట్టారు. ఒకటి లోపల ఊదారంగు, ఒకటి గుడ్డుసొనలా పసుపు. నంజుకోను పచ్చడి. చదును బండ మీద బరువైన రాయిని అటూ ఇటూ ఊపుతూ నూరతారు. అందులో ఏముందంటారా? వేయించిన పల్లీలు, మిరపకాయలు, ఉప్పు, బంతి జాతి ఆకు ఒకటి. పేరు ఉచుకూటా. ఆ ఆకు వాసన తప్ప మిగతాదంతా మనింటి రుచే.

ఆశ్చర్యం మనకేగాని వాళ్లకు కాదు. వేరుశనగ, మిరప, టమాటా, ఆలుగడ్డ అన్నీ అమెరికా ఖండాల పంటలే. ఐరోపా ఓడలు తిరగడం మొదలయ్యాకే మన నేలకు చేరాయి. 1987లో పెరూలోని సిపాన్ దగ్గర పురాతన ప్రభువు సమాధి తవ్వితే బంగారు, వెండి వేరుశనగ కాయల హారం దొరికింది. మన అనంతపురం రైతు ఈ మాట వింటే ఏమంటాడో!

చారులో నల్లటి ముక్కలు తగిలాయి. చూన్యో అట. అదీ ఆలుగడ్డే. జూన్, జూలైలో అక్కడ చలికాలం. దుంపల్ని ఆరుబయట పరిస్తే రాత్రి గడ్డకడతాయి, పగలు ఎండకు కరుగుతాయి. కొన్నాళ్లకు మెత్తబడ్డాక కాళ్లతో తొక్కి నీరు పిండేసి ఎండబెడతారు. కోల్డ్ స్టోరేజి కిరాయి లేదు, ఏళ్ల తరబడి నిల్వ. గడ్డకట్టే రాత్రులు వరుసగా కావాలి గనక మన దగ్గర కుదరదు లెండి.

అక్కడి రైతుకు దిగుల్లేదనుకోకండి. 2018 జనవరిలో దుంపల ధర పడిపోయి పెరూ రైతులు రోడ్లకు అడ్డంపడ్డారు. కినోవా గింజదీ అదే కథ. 2013ను ఐక్యరాజ్యసమితి కినోవా సంవత్సరమంది, విదేశాలు ఎగబడ్డాయి, ధర ఎగిరింది. అందరూ వేసేసరికి 2015కల్లా కూలింది.

ఈ ఇంటివాళ్లకూ కొండ మీద రెండు చెక్కల పొలం ఉంది. "మూటగా అమ్మితే ధర దళారి చెబుతాడు, ఉడకబెట్టి అమ్మితే మేం చెబుతాం" అన్నాడు కొడుకు, తనకొచ్చిన కాస్త ఇంగ్లీషులో. అదీ నిలకడ బేరం కాదు. 2020లో కరోనాకు హోటలు మూతపడింది. "మరి ఏం తిన్నారు?" అంటే తల్లి చారు గిన్నె వైపు చూపించింది. అటక మీది చూన్యో.

వస్తుంటే ఆమె రెండు ఊదా విత్తన దుంపలు చేతిలో పెట్టింది. ఆశ పుట్టింది, అబద్ధమెందుకు. కానీ పర్మిట్ లేకుండా విత్తనం తేవడాన్ని మన 2003 నాటి క్వారంటైన్ ఉత్తర్వు ఒప్పుకోదు, దుంపతోపాటు తెగులూ దిగుతుంది. దండం పెట్టి తిరిగిచ్చేశాం. ఆమె వాటిని కడిగి సాయంత్రం కుండలో వేసింది.